చీటీల సంచిలో లేని పేరు

శ్రోతలకు నమస్కారం.

అమలాపురం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త పదేళ్లుగా మామయ్య బీపీ చీటీలను ఒక గుడ్డసంచిలో భద్రంగా దాస్తోంది. వేళకు మాత్ర ఇస్తుంది, ఆయన ఆవకాయ జాడీ ముట్టుకుంటే ఊరుకోదు. కిందటి సంక్రాంతికి ఆమెకే కళ్లు తిరిగాయి. చూపిస్తే పై సంఖ్య 180 దాటింది. ఆమెకు 61 ఏళ్లు. అంతవరకు ఆమె బీపీ చూపించాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

బీపీ అంటే మగవాళ్ల జబ్బన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది. నడివయసు వరకు అందులో కొంత నిజం లేకపోలేదు. నెలసరి వస్తున్నంత కాలం స్త్రీల రక్తపోటు సగటున పురుషుల కంటే తక్కువగా ఉంటుంది. అది ఆగిపోయాక రక్తనాళాలు త్వరగా బిరుసెక్కుతాయి, తేడా చెరిగిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవారికి తర్వాత ముప్పు ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి బీపీ ఉందని తేలింది. ఆ మూడు శాతాన్ని చూసి ధైర్యపడటానికి ఏమీ లేదు.

ఆడా మగా తేడాలాగే జాతి తేడా సంగతీ చూడండి. అమెరికాలో నల్లజాతివారికి తెల్లవారి కంటే చిన్న వయసులోనే, ఎక్కువ మందికి బీపీ వస్తుంది. అది వారి పుట్టుకలోనే ఉందనుకుంటే పొరపాటు. పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో ఉంటున్న అదే మూలాలవారిలో అది చాలా తక్కువ. తిండి, బరువు, వివక్ష మధ్య బతికే బతుకు, వైద్యం అందకపోవడం, వీటి పాత్ర పెద్దది. అమెజాన్ అడవుల్లో ఉప్పు వాడకం దాదాపు తెలియని యానోమామి ప్రజల్లోనైతే వయసు మీరినా రక్తపోటు పెరగదు. "పెద్దవయసు కదా, బీపీ రాదా" అని మనం తేలిగ్గా అనుకుంటాం. అది మానుకోవాలి.

మన డెల్టాలో ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఎండుచేపలు లేని ఇల్లు అరుదు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్లలోదీ ఆ లెక్కలోకే వస్తుంది.

ఇంకొక మాట. యాభై, అరవై దాటాక కింది సంఖ్య తగ్గుతూ పై సంఖ్య ఒక్కటే పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. 165, 80 అని చెప్పగానే "కిందిది బాగానే ఉంది" అని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. కొలిపించుకునే ముందు అరగంటసేపు కాఫీ తాగకండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. అమ్మనూ అత్తయ్యనూ వెంట తీసుకెళ్లండి.