మిషను పెట్టకముందు సిస్టర్ చూసేవి

శ్రోతలందరికీ నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ అన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం శుభ్రం చేసేది మిషనే. కానీ ఆ నాలుగు గంటలూ మంచం పక్కన కనిపెట్టుకుని ఉండేది నర్సు.

ఆమె ముందు బరువు చూస్తుంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. అది 52 కిలోలైన మనిషి 54.5 తూగితే రెండున్నర లీటర్ల నీరు చేరినట్టు లెక్క. నీటిని గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి లాగకపోవడం మంచిది. ఈ మనిషికి నాలుగు గంటల్లో 2.7 లీటర్లే హద్దు. అందుకే చెప్పులతో కాటా ఎక్కనివ్వరు. లేని నీటిని లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అంతకుముందే రోగి ఊరికే ఆవులిస్తుంటాడు. నిద్ర వస్తోందని మనం అనుకుంటాం. అనుభవమున్న సిస్టర్ మాత్రం వెంటనే బీపీ చూసి, నీరు లాగడం ఆపి, కాళ్లు ఎత్తి పెట్టి, అవసరమైతే కొద్దిగా సెలైన్ ఎక్కిస్తుంది.

తర్వాత ఫిస్టులా. చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన ఈ దారే రోగికి ప్రాణాధారం. వేళ్లు ఆనించగానే, గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు సన్నగా అదరాలి. అదురు లేదంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ అదురు ఎలా చూసుకోవాలో సిస్టర్‌ని అడిగి నేర్చుకుని, రోజూ పొద్దున, రాత్రి చూసుకోండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, బిగుతు గాజులు వేయకండి. సూదులు కూడా ఎప్పుడూ ఒకేచోట గుచ్చితే రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. నొప్పి తక్కువని పాత చోటే గుచ్చమని రోగులు బతిమాలతారు. సిస్టర్ కాదన్నదంటే మీ మంచికే.

ఇక తిండి. ఉద్దానం కొబ్బరితోటల సీమ. ఒంట్లో నలతగా ఉందంటే బొండాం కొట్టించడం మనకు అలవాటు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లలోనూ పొటాషియమే కలుపుతారు. ఎండుచేపలు, ఊరగాయలు దాహం పెంచుతాయి, దాహం నీళ్లు తాగిస్తుంది, ఆ నీరే మళ్లీ కాటా మీద తేలుతుంది.

"నిన్న ఏటి తిన్నారు బాబాయ్?" అని సిస్టర్ మెల్లగా అడుగుతుంది. కసిరితే రోగి నిజం దాస్తాడని ఆమెకు తెలుసు. మీరు దాచకండి.

ఇంటికెళ్లాక సూది గుచ్చిన చోట రక్తం కారితే గుడ్డ చుట్టి బిగించకండి. శుభ్రమైన దూదితో ఆ చోటే రెండు వేళ్లతో అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి చూడకండి. పావుగంటకూ ఆగకపోతే అదిమి పట్టుకునే ఆసుపత్రికి బయల్దేరండి. ధారగా కారుతుంటే పావుగంట చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.