రాయల్టీ లెక్కలు... అనుకున్నాం

మాధవి: ఇవాళ టాపిక్ ప్రోగ్రామింగ్ పుస్తకాల రాయల్టీ, అంటే అమ్మకాల మీద రచయితకి వచ్చే వాటా. హరీ, లెక్కలయ్యేదాకా కోడ్‌లోని కోట్స్, అదే కొటేషన్ గుర్తుల సంగతి ఎత్తకూడదు. దారి తప్పితే గంట కొడతా.

హరి: ఎత్తను. అట్ట మీది వెల వంద అనుకో. పంపిణీకీ షాపుకీ సగం పోతే పబ్లిషర్‌కి వచ్చేది యాభై. ఒప్పందంలో నికర రాబడి మీద 10 శాతం అని ఉంటే రచయితకి అయిదే. పది అనుకుని సంతకం పెట్టేస్తారు.

మాధవి: ఆ అయిదూ అడ్వాన్సు తీరేదాకా రాదు. వాపసొచ్చే కాపీల పేరు చెప్పి కొంత పట్టి ఉంచుతారు కూడా. ఎంత పట్టుకుంటారు, ఎప్పుడు వదులుతారు అన్నది ముందే రాయించుకోవాలి.

హరి: అయిపోయిందిగా. ఇక కోట్స్.

మాధవి: గంట!

హరి: కొట్టుకో. వర్డ్ ప్రాసెసర్‌లో టైప్ చేసిన కోడ్‌లో మామూలు నిలువు కోట్స్ కాస్తా వంపు తిరిగిన స్మార్ట్ కోట్స్ అయిపోతాయి. రెండు హైఫన్లు కలిసి పొడుగు డాష్ అవుతుంది. పాఠకుడు కాపీ చేసి నడిపితే సింటాక్స్ ఎర్రర్, ప్రోగ్రాం నడవదు.

మాధవి: ఆటోకరెక్ట్ ఆపేస్తే పోతుంది. అసలు గొడవ లైను వెడల్పుది.

హరి: 80 అక్షరాలు పట్టాలి, అంతే.

మాధవి: ఎక్కడ పడతాయయ్యా? ఏడంగుళాల వెడల్పు పుస్తకంలో మార్జిన్లు పోగా అయిదున్నర, అంటే అచ్చు కొలతలో 396 పాయింట్లు. కోడ్‌కి వాడే కొరియర్ ఫాంట్‌లో అక్షరం వెడల్పు ఫాంట్ సైజులో 0.6 వంతు. 9 పాయింట్లకి 5.4. భాగించు.

హరి: 73. సరే, 8 పాయింట్లు పెట్టు, 82 పడతాయి.

మాధవి: పుస్తకంతో పాటు భూతద్దం కూడా ఇస్తావా? కోడ్ లైన్లు సర్దే ఫార్మాటర్‌కి 65 అక్షరాల హద్దు పెట్టి రాయాలి. లేఅవుట్‌లో విరిస్తే పైథాన్ కోడ్ ఇండెంటేషన్, అంటే లైను మొదట వదిలే ఖాళీ, చెడుతుంది. షెల్ కమాండ్‌లో లైను ఇంకా ఉందని చెప్పే బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేస్ మిగిలినా కమాండ్ అక్కడే తెగిపోతుంది.

హరి: 65 అంటే లైన్లు పెరుగుతాయి, పేజీలు పెరుగుతాయి, ఖర్చు నువ్వు కడతావా?

మాధవి: వెటకారం వద్దు. ఆఫ్‌సెట్ ముద్రణలో 16 పేజీల ఫారం చొప్పున 320 పేజీలకి 20 ఫారాలు. 321 అయితే ఇంకో ఫారం, చివర 15 ఖాళీ పేజీలు. పబ్లిషర్ ప్రకటనలు వచ్చేది అక్కడే. ఆర్డరొచ్చాకే అచ్చేసే ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఆ బెడద లేదు గానీ ప్రతి పేజీకీ ప్రతి కాపీలోనూ ఖర్చు పడుతూనే ఉంటుంది.

హరి: అందుకే కొందరు కోడ్‌ని స్క్రీన్‌షాట్‌గా పెట్టేస్తున్నారు.

మాధవి: పెట్టి, బొమ్మలతో ఫైలు బరువెక్కి, కిండిల్ ఈ-బుక్‌లో దెబ్బ తింటున్నారు! 70 శాతం రాయల్టీ ఎంచుకుంటే అమెరికా స్టోర్‌లో మెగాబైటుకి 15 సెంట్లు డెలివరీ ఖర్చు. 20 మెగాబైట్ల ఫైలంటే కాపీకి 3 డాలర్లు తీసేశాకే ఆ 70 శాతం.

హరి: కోడ్ విడి ఫైళ్లలో ఉంటే ఈ తిప్పలే ఉండవు. పుస్తకాన్ని మామూలు టెక్స్ట్‌లో రాసుకునే ఆస్కీడాక్‌లో ట్యాగ్ పెట్టి కావాల్సిన ముక్క ఇన్‌క్లూడ్ చేసుకోవడమే. పుస్తకం బిల్డ్ చేసే ముందు కోడ్ టెస్టులు నడిపితే, లైబ్రరీ వెర్షన్ మారగానే ఏ అధ్యాయం పాడైందో తెలిసిపోతుంది. అప్పుడు కోట్స్ కూడా...

మాధవి: గంట! అవునూ, రెండో ఎడిషన్ రాయల్టీ మనం ముట్టుకోనే లేదు.

హరి: తర్వాత చూద్దాం. 80 మాత్రం వదలను.

మాధవి: 65.

హరి: పోనీ, 72కి రా.

మాధవి: ఇండెంట్ కలిపా, విడిగానా?