ఇల్లు కట్టేటప్పుడు చెట్టు ఎందుకు చనిపోతుంది? ముందే ఏం చేయాలి?

[స్క్రీన్ మీద: సగం కట్టిన ఇల్లు, పక్కన వేపచెట్టు, కాండానికి ఆనించి కంకర కుప్ప]

ఈ చెట్టు మీద ఎవరూ గొడ్డలి వేయలేదు. "చెట్టు ఉండాల్సిందే" అని ఓనర్ కూడా మేస్త్రీకి గట్టిగానే చెప్పారు. అయినా ఇలాంటి చెట్లు చాలాసార్లు గృహప్రవేశం అయిన రెండు మూడేళ్లకు పైకొమ్మల నుంచి ఎండుతూ వస్తాయి, అప్పుడు మనం పురుగు పట్టిందనో దిష్టి తగిలిందనో అనుకుంటాం. అసలు దెబ్బ పునాది తవ్విన రోజుల్లోనే తగిలింది, అదీ నేల కింద.

నీళ్లు, పోషకాలు పీల్చే సన్న వేర్లు చాలావరకు పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుంటాయి. వాటికి నీళ్లతో పాటు గాలీ కావాలి, అది మట్టిలోని సన్నటి ఖాళీల్లోంచే అందుతుంది. ఇటుకల లారీ, జేసీబీ, రెడీమిక్స్ బండి తడి నేల మీద కొన్నిసార్లు తిరిగితే చాలు, ఆ ఖాళీలు అణిగిపోతాయి, మళ్లీ గుల్లబారడానికి ఏళ్లు పడుతుంది. అందుకే చెట్టు పని మొదటి లోడు దిగకముందే అయిపోవాలి.

[స్క్రీన్ మీద: కాండం చుట్టూ టేపు]

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కాండం చుట్టుకొలత తీసుకోండి, దాన్ని నాలుగుతో గుణించండి, చెట్టు చుట్టూ అంత దూరం కాపాడాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రమాణాల్లో కాండం మందానికి, అంటే వ్యాసానికి, 12 రెట్లు అంటారు, లెక్క దాదాపు అంతే. చుట్టుకొలత 4 అడుగులుంటే 16 అడుగులు. ఇది వినగానే 200 గజాల ప్లాటు వాళ్లకు టెన్షన్ వస్తుంది, ముప్పై అడుగుల వెడల్పులో ఇంకెక్కడ కట్టాలి అని. నిజమే, అంతా వదలలేరు. ఒకవైపు ఇల్లు వచ్చినా మిగతా వైపులు ముట్టుకోకుండా ఉంచండి. కానీ ఆ ఒక్కవైపు కూడా కాండం మందానికి మూడు రెట్ల లోపలికి తవ్వకం రాకూడదు, ఐదు రెట్లు వదిలితే ఇంకా మంచిది. మన ఉదాహరణలో మందం అడుగుంబావు, అంటే నాలుగడుగుల లోపల గునపం పడకూడదు. పడితే చెట్టును నిలబెట్టే వేర్లే తెగుతాయి, గాలివానకు అది మీ ఇంటి మీదే ఒరగొచ్చు. కాబట్టి చెట్టు ఎక్కడుందో ప్లాన్ గీసే ఇంజినీరుకు ముందే చూపించండి, సంపు, సెప్టిక్ ట్యాంకు రెండో మూలకు జరపమనండి.

కాంపౌండు గోడకు చెట్టు దగ్గర పొడవాటి కందకం వద్దు. వేర్లు లేని చోట చూసి పిల్లర్లు వేసి, నేల మట్టానికి పైన బీమ్ వేసి గోడ కట్టొచ్చు, వేర్లు కింద నుంచి వెళ్లిపోతాయి. ఆ వైపు మనుషులతోనే తవ్వించండి. జేసీబీ బకెట్ వేరును లాగితే అది చీలుకుంటూ పోతుంది, తెంచక తప్పకపోతే రంపంతో నున్నగా కోయించండి. బయటపడ్డ వేర్లను తడి గోనెసంచులతో కప్పి, వీలైనంత త్వరగా మట్టి పూడ్చేయాలి.

ఇక కంచె. రిబ్బను కడితే ఎవరూ ఆగరు, పాత రేకులో సెంట్రింగ్ కర్రలో పాతండి. లోపల ఇసుక, ఇనుము, లేబర్ షెడ్డు, వంటపొయ్యి ఏదీ ఉండకూడదు. ముఖ్యంగా మిక్సర్ కడిగిన నీళ్లు. సిమెంటు నీళ్లకు క్షారగుణం ఎక్కువ, నేలలో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. పునాదికి కొట్టే చెదమందూ అటు పారకూడదు. ఈ షరతులన్నీ మేస్త్రీతో రాసుకునే అగ్రిమెంటులోనే పెట్టండి, నోటిమాట స్లాబు రోజు హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

కొబ్బరి సంగతి కొంచెం వేరు. దానికి కాండం మొదట్లోంచి కొత్త వేర్లు పుడుతూనే ఉంటాయి కాబట్టి కొన్ని తెగినా తట్టుకుంటుంది, కానీ క్రేనో సెంట్రింగ్ రాడ్డో తగిలి మొవ్వు విరిగితే చెట్టు పోయినట్టే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మట్టి నింపడం. రోడ్డు ఎత్తు పెరుగుతుందని ప్లాటంతా రెండు మూడడుగులు లేపేస్తారు, చెట్టు మొదలూ అందులో మునిగిపోతుంది. వేర్లకు ఊపిరాడదు, తడిమట్టి తగిలి బెరడు కుళ్లుతుంది. చెట్టు చుట్టూ వీలైనంత వెడల్పుగా పాత మట్టాన్నే ఉంచి, అంచున రాళ్లతో చిన్న గోడ పేర్చండి, వాననీరు నిలవకుండా దారి కూడా వదలండి.

చెట్టు కొట్టాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. కానీ కొట్టకుండానే వేర్లు నలిపేస్తే అడిగేవాళ్లు ఉండరు, అక్కడ కాపలా మీరే.

[స్క్రీన్ మీద: ఎండాకులు పరిచిన చెట్టు మొదలు]

పని నడిచినన్నాళ్లూ కంచె లోపల నాలుగంగుళాల మందాన ఎండాకులు పరవండి, కాండానికి తగలకుండా. ఎండాకాలంలో వారానికోసారి పైపు సన్నగా వదిలి నేల లోపలిదాకా తడపండి. చివర్లో పార్కింగ్ టైల్స్ వేసేవాళ్లు కాండం దాకా పరిచేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మీరు కనీసం ఆ మీటరైనా మట్టిగా వదలండి, ఆ తర్వాత టైల్స్ వేసినా కింద సిమెంటు బెడ్డు లేకుండా, సందుల్లోంచి నీళ్లు దిగేలా వేయించండి.