రావిచెట్టు మీద పట్టు

అధ్యక్షులు సర్పంచ్ గారికి, లైబ్రేరియన్ గారికి, కుర్చీల్లో ఉన్న పెద్దలకి, చాపల మీద కూర్చున్న పిల్లలకి నమస్కారం. వేసవి శిబిరంలో పిట్టల గురించి, తేనెటీగల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్తాను. అయితే నేను వచ్చిన పని ఇంకోటుంది. అది చెప్పకుండా ఇంటికెళ్లను.

ఈ రోజు మే 20, ప్రపంచ తేనెటీగల దినోత్సవం. స్లొవేనియాలో 1734లో పుట్టిన ఆంటోన్ యాన్షా అనే తేనెటీగల పెంపకందారు జ్ఞాపకంగా ఐక్యరాజ్యసమితి 2017లో ఈ రోజుని ఖాయం చేసింది. అంతకన్నా నాకు మన కాలవగట్టే ముఖ్యం.

గిజిగాడి గూడు చూసినవాళ్లు చెయ్యెత్తండి. ఇంతమందేనా? తొలకరి పడ్డాక కాలవ మీదకి వాలిన కొబ్బరి మట్టల కింద చూడండి. మగపిట్ట వరి ఆకు అంచుని ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతుంది. ఆకు పొడుగాటి నారగా చీలి దాంతో వచ్చేస్తుంది. సగం గూడు అల్లి, టోపీ బోర్లించినట్టు ఉన్నప్పుడు ఆగిపోతుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని, నారలు లాగి చూసి, నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ గూడు అలాగే ఎండి వేలాడుతుంది. లోపల తడిమట్టి కూడా మెత్తుతుందర్రా! ఇది గింజలు తినే పిట్టే గానీ పిల్లలకి పురుగులు తెచ్చి పెడుతుంది. పురుగుమందు కొట్టిన చేలోంచి తెస్తే ఆ పిల్లలేమవుతాయో ఆలోచించండి.

సంక్రాంతికి చూరుకి ధాన్యపు కుచ్చులు కట్టేవాళ్లం, పిచ్చుకల కోసం. ఇప్పుడు చూరే లేదు. దమ్ము చేసే ట్రాక్టరు వెనకాల నత్తగుల్ల కొంగలు మాత్రం ఇంకా వస్తున్నాయి. ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది చూడండి, అవే.

ఇక తేనెటీగలు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఇక్కడున్న పెద్దలెవరూ మర్చిపోలేదు. తెల్లారేసరికి మా దొడ్లో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. కాకి అరుపు కూడా లేదు. మూడో రోజో నాలుగో రోజో మా మావయ్యగారు "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు. వేళ్లు సగం మట్టిలోనే ఉన్న ఒక చెట్టు నేలన పడుంది, దాని కొత్త గెల విచ్చుకుని నా మోకాళ్ల ఎత్తులో ఉంది. దాని మీద తేనెటీగలు! ఊళ్లో నిలబడ్డ కొంప లేదు, అవి మాత్రం పనిలో ఉన్నాయి. మావయ్యగారు బురదలోనే గొంతుక్కూర్చున్నారు. పుట్టినప్పట్నుంచీ కొబ్బరి మీదే బతికాను, పువ్వుని మొహానికి మొహం చూడ్డం ఇదేనమ్మా అన్నారు. నేనూ అంతే. నలభై అడుగుల పైన పూసే పువ్వుని మనమెక్కడ చూస్తాం?

తరవాత ఆ చెట్టు గోతి పక్కనే గంగాబొండం రకం కొబ్బరి వేశాం. పొట్టి చెట్టు గనక నుంచుని చూడొచ్చు. గెల ముందు కత్తి ఒరలా మూసుకుని ఉంటుంది. ఒర చీలితే రెబ్బల కొసల్లో వేలకొద్దీ మగపూలు, మొదట్లో గోళీకాయల్లా కొన్నే కొన్ని ఆడపూలు. మగపూలు రోజూ కొన్ని విచ్చుకుని రాలుతూ దాదాపు మూడు వారాలు సాగుతాయి. మన నాటుచెట్టులో అవన్నీ రాలిపోయాకే ఆడపూలు సిద్ధమవుతాయి, కొసన చిన్న తేనెబొట్టు మెరుస్తుంది. అప్పటికి ఆ గెలలో పుప్పొడి ఏదండీ? ఇంకో చెట్టు నుంచి రావాలి. గాలి కొంత తెస్తుంది, ఈగ కొంత తెస్తుంది. మీరు గుడికి పట్టుకెళ్లే ప్రతి కొబ్బరికాయ వెనకా ఇంత రాకపోక ఉంది.

కోకో వేసిన రైతులు ఇంకో మాట వినాలి. కోకో పువ్వు దగ్గరికి వెళ్లేది తేనెటీగ కాదు, ఆవగింజంత దోమలాంటి పురుగు. అది పుట్టేది కుళ్లే కోకో తొక్కల్లో, తడి ఆకుల్లో. దొడ్డి అద్దంలా ఉండాలని అంతా ఊడ్చి తగలెట్టకండి, మీకు దణ్ణం పెడతాను.

తగలెట్టడం అన్నాను గనక ఇక ఆగలేను. నాలుగేళ్ల కింద ఇదే రావిచెట్టు మీద, ఈ కిటికీలోంచి కనపడుతుంది చూడండి, ఆ పెద్దకొమ్మకి పెద్ద తేనెటీగలు పట్టు పెట్టాయి. ఎవరు చేయించారో పేరు చెప్పను. రాత్రి వెదురుగడకి కిరసనాయిలు గుడ్డ చుట్టి అంటించారు. పొద్దున్నే నేనే ఊడ్చాను. రెండు చేటలు నిండాయి. రెక్కలు కాలినవి చీపురు కింద ఇంకా పాకుతున్నాయి. రాలిన మైనం ముక్క తీసి చూస్తే గదుల్లో బియ్యపుగింజల్లా తెల్లటి పిల్లలు. ఆ ముక్క చేతిలో ఇంకా వేడిగానే ఉంది. ఆ కొమ్మకి అంటిన మసి ఇప్పటికీ పోలేదు.

ఈ ఏడు మళ్లీ వచ్చాయి. అదే కొమ్మకి. పెద్ద ఈగలు చాలాసార్లు పాత చోటుకే తిరిగొస్తాయి. మొన్న టీకొట్టు దగ్గర విన్నాను, ఈ వారంలో మళ్లీ మంట పెడతారట.

సర్పంచ్ గారూ, మీరిక్కడ ఉన్నారనే నేను ఒప్పుకుని వచ్చాను. భయం లేదని నేననను. నిరుడు ఒక కుర్రాడు వేరే పట్టు మీద రాయి విసిరితే ఇద్దరు ఆస్పత్రి పాలయ్యారు. గద్ద తన్నినా, పొగ తగిలినా, రాయి పడినా మీద పడతాయి. వాటి జోలికెళ్లకపోతే వాటి పని వాటిదే. ఏటా చూస్తున్నాను, వానలు పట్టేసరికి వాటంతటవే లేచిపోతాయి. ఎంతండీ, ఒక నెల. చెట్టు చుట్టూ తాడు కట్టిద్దాం, తాడు డబ్బు నేనిస్తాను. పెళ్లి ఊరేగింపులు బాణాసంచా కాల్చకుండా చెరువుగట్టు మీంచి తిప్పమందాం. బోర్డు ఈ పిల్లలు రాస్తారు. ఏరా, రాస్తారా? ఆయ్ అనండి, సర్పంచ్ గారికి వినపడేలా.

రంగులు, బ్రష్షులు నా సంచిలోనే ఉన్నాయి. టీ తాగాక అరుగు మీదకి రండి.