పెట్రోమాక్స్ లైటు రేడియేషన్‌తో వెలగదబ్బా!

"థోరియం చీకట్లో పచ్చగా మెరుస్తుంది కదన్నా?" మొన్న మైపాడు బీచ్‌లో ఓ తమ్ముడు మళ్లీ అడిగాడు, నాకు మళ్లీ తిక్క రేగింది. మెరవదు. థోరియం రేడియేషన్ వదిలే లోహమే గానీ, దాని ఆక్సైడ్ తెల్లటి పొడి, ముగ్గుపిండి పక్కన పోస్తే కంటితో తేడా పట్టలేరు. గట్టి ముక్కైతే మాత్రం నీటికి 10 రెట్లు బరువు.

సరే, తిరునాళ్ల పెట్రోమాక్స్ లైటులో వేలాడే మ్యాంటిల్ గుర్తుందా? మా మామయ్య కొత్తది కట్టి అంటిస్తుంటే గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. గుడ్డంతా కాలిపోయి, తెల్లటి అల్లిక ఒక్కటే నిలబడేది. ఓసారి వేలు పెట్టా, పొడై రాలింది, వీపు విమానం మోత మోగింది. ఆ అల్లికే థోరియం ఆక్సైడ్! గుడ్డను థోరియం నైట్రేట్‌లో నానబెట్టి ఆరబెడతారు, మంట తగలగానే గుడ్డ పోతుంది, నైట్రేట్ ఆక్సైడై మిగులుతుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఔవర్ వాన్ వెల్స్‌బాక్ 1891లో పాళ్లు కుదిర్చాడు, 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, 1 పాలు సీరియం ఆక్సైడ్. మొదటిది కరగాలంటే 3,300 డిగ్రీలు దాటాలి కాబట్టి మంటలో చెక్కుచెదరదు, ఆ వేడికి తెల్లగా వెలుగు చిమ్మేది ముఖ్యంగా ఆ ఒక్క పాలు సీరియమే.

ఇప్పుడు లైటు ఆర్పండి. చీకటి. రేడియేషన్ ఆగిందా? లేదు, కొట్టులో కవర్లో ఉన్నప్పుడూ వస్తూనే ఉంది. మరి వెలుగుకీ దానికీ సంబంధం ఏంది?

ఇంకోటి, థోరియం అర్ధాయువు, అంటే అందులో సగం విరగడానికి పట్టే కాలం, 1,405 కోట్ల ఏళ్లు అనగానే "అమ్మో, అన్నేళ్లా!" అంటారు. విశ్వం వయసే దాదాపు 1,380 కోట్లు! అన్నేళ్లు పడుతోందంటే పరమాణువులు అంత నిదానంగా విరుగుతున్నాయని అర్థం. మామయ్య మ్యాంటిల్లోని థోరియం ఇప్పటికీ దాదాపు అంతా అట్లానే ఉంది, ఎక్కడ రాలిందో అక్కడ. పైగా థోరియం వదిలే ఆల్ఫా కణాల్ని కాగితం ముక్క ఆపేస్తుంది.

అయితే లోపలికి పోతే కథ వేరు. 1930, 40ల్లో ఎక్స్‌రే బాగా కనపడాలని థోరోట్రాస్ట్ పేరుతో ఇదే ఆక్సైడ్‌ను రక్తంలోకి ఎక్కించారు. అది కాలేయంలో తిష్ఠ వేసింది, ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్లు బయటపడ్డాయి. మామయ్యేమో పాత మ్యాంటిల్ బూడిదను నోటితో ఉఫ్‌మని ఊదేవాడు, నా మొహం మీదికే!

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. టిగ్ వెల్డింగ్‌లో ఎర్ర రంగు కొన ఉన్న టంగ్‌స్టన్ రాడ్‌లో థోరియం ఆక్సైడ్ 2 శాతం ఉంటుంది, సాన పట్టేటప్పుడు ఆ దుమ్ము పీల్చకండి. థోరియాన్ని అరుదైన లోహం అంటారు గానీ భూమి పైపొరలో యురేనియం కంటే దాదాపు 3 రెట్లు ఎక్కువ, మన ఆంధ్రా తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం రూపంలో ఉంది. దీనికి న్యూట్రాన్ తగిలిస్తే చివరికి యురేనియం-233 అనే అణు ఇంధనం అవుతుంది, తమిళనాడు కల్పాక్కంలో కామిని అనే చిన్న పరిశోధన రియాక్టర్ నడిచేది దాంతోనే. అదెట్లాగో ఇంకో వీడియోలో చెప్తా, బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటోంది, ఉంటా.