విజయవాడలో పాట వినడానికి ఒక చిన్న హాలు

నమస్కారం. ఈరోజు విజయవాడలోని సభా వేదికల గురించి మాట్లాడుకుందాం.

ఈ ఊరికి సంగీతం కొత్త కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఇక్కడ శిష్యులను తీర్చిదిద్దారు. ఆ శిష్యుల్లో ఒకరు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని వింటూ తెల్లవారిన ఇళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఎన్నో. ఇప్పుడు ఘంటసాల గారి పేరుతో నడుస్తున్న ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా బాలమురళి గారే. అలాంటి ఊళ్లో, ఆ కళాశాలలో చదివి బయటికి వచ్చిన ఒక అమ్మాయి రెండు వందల మంది ముందు కచేరీ చేయాలనుకుంటే ఎక్కడ చేయాలి? నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న ప్రశ్న ఇది.

తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది కదా అంటారు. ఉంది, నగరపాలక సంస్థది. నాటకానికి, కూచిపూడికి, పురస్కార సభలకు అది ఊరికి పెద్ద దిక్కు. కానీ రెండు వందల మంది వస్తే ఆ హాలు వెలవెలబోతుంది, పాడేవారికి ఉత్సాహం చచ్చిపోతుంది. గాంధీనగర్‌లోని హనుమంతరాయ గ్రంథాలయం నాకు చాలా ఇష్టం. నాటకాలు, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు అన్నిటినీ ఆదరించిన చోటు అది. అయితే ఊళ్లోని చిన్న సభలన్నీ ఒక్క గ్రంథాలయం మీద పడితే ఎలా?

అందుకే చాలామంది ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటున్నారు. అసలు చిక్కంతా అక్కడే.

హాలు చూడటానికి వెళ్లినప్పుడు వేదిక మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు ఎంతసేపు మోగుతుందో వినండి. మాట స్పష్టంగా వినపడాలంటే అది దాదాపు ఒక సెకనులో అణగిపోవాలి. కచేరీకి ఇంకాస్త ఎక్కువసేపు నిలిచినా బాగుంటుంది. గ్రానైటు నేల, అద్దాల గోడలు, తెర అన్నది లేని కిటికీలు ఉన్నచోట అది అంత తొందరగా అణగదు. మృదంగం వేగంగా నడుస్తున్నప్పుడు ఒక దెబ్బ మోత తగ్గకముందే తరువాతి దెబ్బ వచ్చి పడుతుంది. మృదంగం కుడి ముఖమైన వలంతలకు, ఎడమ ముఖమైన తొప్పికి తేడా తెలియదు. గాయనికి శ్రుతి సరిగా వినపడక, చేత్తో సైగ చేసి సౌండు పెంచమంటుంది. మైకు సెట్టు అబ్బాయి పెంచుతాడు. పెంచినకొద్దీ గోడలు తిప్పికొట్టేదీ పెరుగుతుంది. ముందు వరుసవాళ్లు చెవులు మూసుకుంటారు, వెనక వరుసవాళ్లు కబుర్లలో పడతారు. ఇందులో గాయని తప్పు లేదు, ఆ అబ్బాయి తప్పూ లేదు. ఆ హాలును పెళ్లి భోజనాల కోసం కట్టారు.

పోనీ ఆరుబయట పెడదామంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నిబంధన మంచిదే, పక్కింట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. కానీ మన సభల్లో జరిగేదేమిటి? జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ఇవన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. మూడు నెలలు సాధన చేసి వచ్చిన మనిషికి మిగిలేది అరగంట. ఈ పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు. కచేరీ అయ్యాక సత్కారాలు చేసుకుంటే ఎవరూ కాదనరు.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. సంగీత, నాటక ప్రదర్శనలకు టికెట్టు ఐదు వందలు దాటకపోతే జీఎస్టీ లేదు. రెండు వందల రూపాయల టికెట్టు, రెండు వందల మంది అనుకోండి, నలభై వేలు. అందులోనే పాడేవారికి, పక్కవాద్యాలకు, మైకుకు, హాలు అద్దెకు సర్దాలి. పెద్ద హాలు తీసుకుంటే అద్దె, కరెంటు, జనరేటరు ఖర్చులకే చాలావరకు పోతుంది. వయొలిన్ వాయించిన ఆయనకు కవరు ఇవ్వడానికి నిర్వాహకుడు మొహమాటపడాల్సి వస్తుంది. చిన్న హాలు ఉంటే ఇదే లెక్క కుదురుతుంది.

దీనికోసం కోట్లు పెట్టి కొత్త భవనం కట్టమని నేను అడగను. విజయవాడ అంటేనే కాలేజీలు. వాటిలో ఎన్నో చోట్ల సెమినారు హాళ్లు ఉన్నాయి. మెట్ల వరుస కుర్చీలు, నేల మీద తివాచీ, గోడలకు చప్పుడు పీల్చే పలకలు, అన్నీ సిద్ధంగా ఉంటాయి. సాయంత్రం ఆరు దాటితే, ఆదివారం వస్తే వాటికి తాళాలే. నామమాత్రపు అద్దెకు నెలలో రెండు ఆదివారాలు ఇవ్వడానికి ఒక్క యాజమాన్యం ముందుకు వచ్చినా చాలు. నిర్వాహకులు కూడా కాపలా మనిషికి డబ్బులిచ్చి, చెత్త తీసి, చెప్పిన సమయానికి తాళం అప్పగించాలి. ఆ నమ్మకం కుదిరితే రెండో కాలేజీని అడగడం తేలిక. ఈ వీడియో చూస్తున్నవారిలో కాలేజీ అధ్యాపకులు ఉంటే, రేపే మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడండి.