లూపస్: బంతిలో ఎక్కువైన వడ్డన

లూపస్ అని తేలగానే బంధువులు ముందుగా తెచ్చేది ఇమ్యూనిటీ పెంచే పొడి. మా పిన్ని కూతురి గదిలో అలాంటి డబ్బాలు మూడు చూశాను. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి తన జడ తాను అల్లుకోలేని పిల్ల అది. తెచ్చినవాళ్ల ప్రేమను కాదనను, కానీ ఆ ఆలోచనే తలకిందులు. లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ ఆగవలసిన చోట ఆగదు, సొంత శరీరం మీదికే వస్తుంది. అది ఎందుకు ఆగదో అర్థం కావడానికి ఒక ప్రోటీన్ గురించి చెబుతాను. పేరు బాఫ్.

క్రిములను పట్టుకునే ప్రోటీన్లయిన యాంటీబాడీలు, ఒక రకం తెల్ల రక్తకణాలైన బి కణాల వల్ల వస్తాయని మీకు తెలుసు. ఎముక మజ్జలో అప్పుడే పుట్టిన బి కణాలలో 55 నుంచి 75 శాతం మన శరీర భాగాలనే పట్టుకునే రకమని 2003లో తేలింది. ఆరోగ్యవంతుల సంగతే ఇది! వాటిలో చాలావాటిని శరీరం మజ్జలోనే తొలగిస్తుంది. తప్పించుకు వచ్చినవాటికి ఇంకో పరీక్ష ఉంది: ఆకలి.

పెళ్లిలో భోజనాల బంతి ఊహించుకోండి. కూర్చున్నవి బి కణాలు, వడ్డించే అన్నం బాఫ్. అది అందని బి కణం బతకదు. వడ్డన తలా ఒక్క గరిటె. మామూలు కణానికి అది చాలు. సొంత శరీరం మీదికి వచ్చే కణానికి మూడు గరిటెలు పడాలి. గరిటెల లెక్క నాది, దానికి ఎక్కువ బాఫ్ కావాలన్నది ఎలుకలలో చూసిన నిజం. అందుకే ముందుగా అదే రాలిపోతుంది. ఎవరూ మెడపట్టి గెంటనక్కరలేదు. ఈ ఏర్పాటు నాకు ఎప్పటికీ అబ్బురమే.

మరి వంటవాడు గుండిగలకు గుండిగలు వండేస్తే? 1999లో ఎలుకలలో బాఫ్ అతిగా తయారయ్యేలా చేసి చూశారు. మూడు గరిటెల వాళ్లు కూడా కడుపునిండా తిని కదలకుండా కూర్చున్నారు. సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు పుట్టాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, అచ్చం లూపస్ లాగే.

మనుషులలో ఇలా జరుగుతుందా? ఇటలీలోని సార్డీనియా ద్వీపానికి వెళ్దాం. అక్కడ కొందరికి బాఫ్ జన్యువులో చిన్న మార్పు ఉందని 2017లో తేలింది. దానివల్ల ఆ జన్యువు పంపే సందేశానికి తోక పొట్టిదవుతుంది. ‘ఇక చాలు’ అని ఆపే చిన్న ఆర్ఎన్ఏ పట్టుకునే చోటు ఆ తోకలోనే ఉంది. చోటు పోయింది, వడ్డన ఆగదు. వాళ్లకు లూపస్ ముప్పు, రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాముల మీద పడే మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పు ఎక్కువ. అలాంటి జన్యువు ఇన్ని తరాలు ఎలా నిలిచింది? ఆ ద్వీపాన్ని మలేరియా పీడించిన కాలంలో ఎక్కువ యాంటీబాడీలే ప్రాణం కాపాడి ఉంటాయని పరిశోధకుల అంచనా. పొడి డబ్బాలు కొనేవాళ్లు ఇది వినాలని నా కోరిక. అక్కడ జబ్బుకు దారి తీసింది పెరిగిన శక్తే.

సమయం అయిపోతోంది, మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2011లో అమెరికాలో అనుమతి పొందిన బెలిముమాబ్, బాఫ్‌ను పట్టేసుకుంటుంది, అంటే వడ్డించే చేతిని ఆపుతుంది. అందరికీ పనిచేయదు. రిటుక్సిమాబ్ అనే ఇంకో మందు బంతిలో కూర్చున్నవాళ్లనే, అంటే బి కణాలనే, లేపేస్తుంది. కానీ తినేవాళ్లు లేకపోతే అన్నం మిగిలిపోతుంది కదా! రక్తంలో బాఫ్ పెరుగుతుంది, తర్వాత పుట్టే కణాలకు నిండు గుండిగలు ఎదురొస్తాయి. అందుకే రెండు మందులూ కలిపి ఇచ్చి చూశారు, ఫలితాలు అన్నిసార్లూ ఒకేలా రాలేదు.

ఇక జర్మనీలోని ఎర్లాంగెన్. రోగి టి కణాలనే (ఇవి ఇంకో రకం తెల్ల రక్తకణాలు) బయటికి తీసి, బి కణాలను గుర్తుపట్టి చంపేలా మార్చి, మళ్లీ ఎక్కించారు. 2021లో ఒక యువతి, 2022 నాటికి ఐదుగురు. కొన్ని నెలలకు వాళ్లలో కొత్త బి కణాలు పుట్టి మళ్లీ బంతిలో కూర్చున్నాయి. వైద్యులు గమనించినంత కాలం లూపస్ మాత్రం తిరిగి రాలేదు.